అప్‌డేట్: డబ్బు ఇవ్వకపోతే పాపను పంపడం ఆపొచ్చా అని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. మేం విడిపోయాక పాప ఖర్చులకు వాళ్ల నాన్న డబ్బు ఇవ్వడం లేదు, ఆదివారాలు ఆయన దగ్గరికి పంపడం మానేయొచ్చా అని. మీలో చాలామంది వద్దన్నారు. అప్పుడు కోపం వచ్చింది గానీ, లాయర్ గారూ అదే మాట చెప్పారు: డబ్బు వేరు, కలవడం వేరు. ఒకటి ఆగిందని రెండోది ఆపితే కోర్టు ఆదేశం మీరినదాన్ని నేనే అవుతాను.

బకాయి కోసం విడిగా పిటిషన్ వేశాం. ఏ నెల ఎంత రావాలో, ఎంత వచ్చిందో బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో సహా రాసిపెట్టాను. నోటిమాటగా అనుకున్నవి (మా మధ్య అలాంటివి బోలెడు) నిరూపించడం కష్టమట.

నోటీసు అందాక సగం కట్టారు. జీతం తగ్గిందట. తగ్గితే ఇవ్వాల్సిన మొత్తాన్ని మార్చమని కోర్టును అడగాలి గానీ, తనంతట తాను ఆపేస్తే ఎలా? మిగతాది వచ్చే కోర్టు వాయిదాలో తేలాలి. పాప మాత్రం ఆదివారం బ్యాగు శనివారమే సర్దేసుకుంటోంది.