తుఫాను హెచ్చరిక రాగానే చెన్నై వదిలి ఊరికి వెళ్లిపోవాలా?

గ్రౌండ్‌ఫ్లోర్ కోడలు:
అక్టోబరు దగ్గరపడుతుంటే మా ఇంట్లో ఏటా మొదలయ్యే పంచాయితీ ఇది. చెన్నైలో స్థిరపడ్డ తెలుగువాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, తీర్పు మీరే చెప్పండి.

మేం వేళచ్చేరిలో, పళ్లికరణై చిత్తడి నేలకు దగ్గర్లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటున్నాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, షుగరు. రోజూ ఇన్సులిన్ పడాలి. బాబు రెండో తరగతి. బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట చెవిన పడగానే అందరం నెల్లూరు రైలెక్కేయాలని మా ఆయన అంటారు. అక్కడ సొంతిల్లు ఉంది, డాబా మీద గది కూడా ఉంది. వాయుగుండం అన్నప్పుడల్లా రైలెక్కితే డిసెంబరు దాకా బడి మానేసి నెల్లూరులోనే కాపురం పెట్టాలని నేనంటాను. అయినా చెన్నైకి వచ్చిన తుఫాను నెల్లూరు మొహం చూడదని ఎవరు రాసిచ్చారు? కావలసినవన్నీ ముందే సర్దుకుని ఇక్కడే ఉందామంటాను. ఎవరి మాట సబబు?

నెల్లూరు చిన్నోడు:
ఇందులో పంచాయితీ ఏముందక్కా? బావ చెప్పిందే కరెక్టు. 2015 డిసెంబరు 1న తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు పడింది. చెంబరంబాక్కం చెరువు గేట్లెత్తితే అడయార్ నది పొంగి ఇళ్లల్లోకొచ్చింది. రాత్రికి రాత్రి మేడ మీద మేడ ఎక్కినోళ్లని పడవల్లో దించారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దామెను పడవలోకి ఎట్లా ఎక్కిస్తావు? సొంతూళ్లో సొంతిల్లు పెట్టుకుని ఆడ మునిగే కొంపలో ఎందుకు కూర్చోవాల?

బాపట్ల నుంచి:
చిన్నోడు గారూ, మీరు 2015 చెప్పారు, నేను 2023 చెబుతాను. మిచౌంగ్ తుఫాను వస్తోందని చెన్నై నుంచి మా బంధువులు ముందు జాగ్రత్తగా మా ఇంటికొచ్చేశారు. డిసెంబరు 4న చెన్నై మునిగింది, టీవీలో చూసి 'బతికిపోయాం' అనుకున్నారు. మర్నాడు మధ్యాహ్నం అదే తుఫాను నెల్లూరు తీరం పక్కనుంచే పైకి వచ్చి సరిగ్గా మా బాపట్ల దగ్గర తీరం దాటింది. తుఫానుకు దారి చూపించడానికి వచ్చినట్టయింది వాళ్ల పని! పోనీ అది తీరం దాటకముందే తిరిగి వెళ్దామా అంటే అక్కడ విమానాశ్రయం మూసేశారు. బేసిన్ బ్రిడ్జి, వ్యాసర్పాడి మధ్య వంతెన దగ్గర నీళ్లు పెరిగి రైళ్లూ రద్దయ్యాయి.

బంగాళాఖాతం తుఫాన్లు తరచు వాయవ్యంగానో ఉత్తరంగానో తిరుగుతాయి. చెన్నై నుంచి ఉత్తరానికి పారిపోవడమంటే చాలాసార్లు దాని దారిలోకే వెళ్లడం.

నెల్లూరు చిన్నోడు:
ఒక్క మిచౌంగ్‌ను చూపించి ఎన్నాళ్లు చెప్తారండీ? ఫెంగల్ పుదుచ్చేరి కాడ దాటింది గదా, నివర్ కూడా అట్నే. అప్పుడు మా నెల్లూరే మేలు.

ముడిచూర్ పాతకాపు:
ఇద్దరూ ఊళ్ల పేర్లు చెప్పుకుంటున్నారు గానీ, అమ్మాయి ఇంటి సంగతి ఎవరూ అడగలేదు. తుఫాను పేరు కన్నా వీధి ఎత్తు ముఖ్యం.

చెన్నైకి తుఫాను రెండు రకాలుగా వస్తుంది. 2016 డిసెంబరు 12న వచ్చిన వర్దా గాలి తుఫాను. వేల చెట్లు కూలాయి, స్తంభాలు ఒరిగాయి, సెల్ టవర్లు మూగబోయాయి. ఆ రోజు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లు హాయిగా ఉన్నారు. అద్దాలు పగిలింది, సింటెక్సు ట్యాంకులు ఎగిరింది పైవాళ్లకే. మిచౌంగ్ నీటి తుఫాను. తీరానికి దగ్గరగా వచ్చి నింపాదిగా కదులుతూ కుమ్మరించి పోయింది. అప్పుడు సీను తిరగబడింది. కాబట్టి 'తుఫాను వస్తోంది' అన్న ఒక్క ముక్కతో ఏ నిర్ణయమూ కుదరదు. గాలి ఎంత, వాన ఎంత, ఎంత వేగంగా కదులుతోంది, ఈ మూడూ చూడాలి. వాతావరణ శాఖ బులెటిన్‌లో మూడూ ఉంటాయి.

ఇక మీ వీధి. పళ్లికరణై అంటే దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీళ్లు చేరే పల్లం. ఆ నీరు ఒక్కియం మడువు అనే వాగు దాటి, బకింగ్‌హామ్ కాలువలో పడి, ముట్టుకాడు దగ్గర సముద్రంలో కలవాలి. తుఫాను పూట సముద్రం ఉబ్బి ఉంటుంది, నీళ్లు లాక్కోదు. అందుకే మీ దగ్గర వాన ఆగాక కూడా నీళ్లు పెరుగుతాయి. వాన తెరిపిచ్చింది కదా అని సామాన్లు కిందికి దించుకున్నవాళ్లను చూశాను.

కరెంటు గురించి కూడా చెప్పాలి. చెన్నైలో చాలాచోట్ల కేబుళ్లు భూమిలో ఉంటాయి, కరెంటు పంచే పిల్లర్ బాక్సులు రోడ్డు పక్కన మోకాలెత్తున ఉంటాయి. నీళ్లు నిలిస్తే షాకు కొడుతుందని వాళ్లే సరఫరా ఆపుతారు, నీళ్లు తీసేదాకా ఇవ్వరు. ఇన్వర్టర్ ఒక రోజు లాగుతుంది, అది కూడా నేల మీద పెట్టకపోతేనే. మోటారు ఆడదు, పైట్యాంకు అయిపోతుంది, సంపులోకి డ్రైనేజీ నీళ్లు దిగుతాయి. కుళాయిలో నీళ్లు వస్తున్నా తాగలేని పరిస్థితి. గ్రౌండ్ ఫ్లోర్‌లో టాయిలెట్ నీళ్లు ఎదురు తంతాయి, అది అన్నిటికన్నా ముందు జరుగుతుంది. గడప దాటి వరద రాకముందే బాత్రూం జాలీలోంచి వస్తుంది. ఇసుక బస్తాలు గుమ్మం దగ్గర పేరుస్తారు గానీ బాత్రూం సంగతి ఎవరికీ గుర్తుండదు. కమోడ్‌లో, జాలీల మీద ఇసుక నింపిన ప్లాస్టిక్ సంచులు పెట్టి అదిమితే కొంత ఆగుతుంది.

ఇప్పుడు నా మాట. మీరు ఇంట్లో ఉండకూడదు. అలాగని నెల్లూరూ పోనక్కర్లేదు. చెన్నైలోనే మెరక మీద, రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో ఉండే తెలిసినవాళ్ల ఇల్లు ఒకటి ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.

సందేహాల రావు:
అందరూ చదువుకున్నవాళ్లే, అందరూ భయపెడుతున్నారు. 2024 అక్టోబరు 16 మర్చిపోయారా? రెడ్ అలర్టు అన్నారు, బళ్లకు సెలవు, ఆఫీసులు ఇంటి నుంచి, వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద బారులు తీరి కార్లు. జరిమానా వేస్తారని పుకారు లేస్తే వేయబోమని పోలీసులే చెప్పుకోవాల్సి వచ్చింది. చివరికి ఆ రోజు పడిందేమిటి? చిరుజల్లులు. అంగళ్లలో పాలు, బ్రెడ్డు, కొవ్వొత్తులు మాత్రం ఖాళీ. ప్రతి అలర్టుకీ ఇల్లు ఖాళీ చేస్తే మనిషి బతకలేడు. ఆవిడ మాటే నిజం, సర్దుకుని ఇంట్లో ఉండటమే మంచిది.

ముడిచూర్ పాతకాపు:
రావు గారూ, అక్టోబరు 16 చెప్పినవారు 15 కూడా చెప్పండి. ముందు రోజు వానకే కదా జనం కార్లు పైకెక్కించింది. ఆ వాయుగుండం చెన్నైకి కాస్త ఉత్తరంగా తీరం దాటింది కాబట్టి తప్పించుకున్నాం. దాని దారి కొద్దిగా దక్షిణానికి జరిగి ఉంటే మీరు ఈ మాట రాసేవారు కాదు. ఫ్లైఓవర్ మీద పెట్టిన కారుకు నష్టమేమిటి? ఒక రాత్రి మంచులో తడిసింది. నీళ్లలో మునిగిన కారు స్టార్ట్ చేస్తే ఇంజిన్ పోతుంది. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోకపోతే మామూలు కారు ఇన్సూరెన్సులో చాలావరకు అది రాదు. మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా తోయించుకుని వెళ్లాలి.

విశాఖ టు ఓఎంఆర్:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను విశాఖలో చూసినదాన్ని. రావు గారు అన్న 'ప్రతి అలర్టు' అనేది ఒకే రకం కాదు. తుఫానుకు మన వాతావరణ శాఖ మెట్లు మెట్లుగా చెబుతుంది. మూడు రోజుల ముందు ఒక సూచన, తీరంలో ఇబ్బంది మొదలవడానికి 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు హెచ్చరిక. వాయుగుండం అంటే గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరలేదని అర్థం, చేరితేనే తుఫాను అని పేరు పెడతారు. కానీ పేరు రాని వాయుగుండం కూడా మీ వీధిని ముంచగలదు. అందుకని మీ ఇంటికి గాలి వేగం కన్నా వాన అలర్టు రంగు, అంటే ఆరెంజా రెడ్డా అన్నది ముఖ్యం. రెడ్ అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లు దాటే వాన పడవచ్చని. గ్రౌండ్ ఫ్లోర్‌కు నా లెక్క ఇదీ: ఆరెంజి అనగానే సంచీ సర్దండి, రెడ్ అనగానే వెలుతురు ఉండగానే బయల్దేరండి. చీకటి పడ్డాక, వీధిలో నీళ్లు చేరాక బయటికి దిగొద్దు. తెరిచిన మ్యాన్‌హోల్, తెగిన తీగ రెండూ నీళ్ల కింద కనబడవు. ఆ వేళకు వెళ్లలేకపోతే అదే బిల్డింగులో పైకెక్కి ఆగిపోవడమే.

పాతకాపు గారు మేడ మీదికి వెళ్లమన్నారు, సరే. గాలి తుఫానైతే అక్కడ కిటికీలకు దూరంగా, లోపలి గదిలో ఉండాలి. హుద్‌హుద్‌లో మా అద్దాల తలుపులు లోపలికి పేలాయి. గాలి మధ్యలో ఒక్కసారిగా ఆగితే అయిపోయిందని బాల్కనీలోకి వెళ్లొద్దు. అది తుఫాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ అంతే గాలి వస్తుంది. వర్దాకు చెన్నైలోనూ అలాగే జరిగింది, జనం చెట్లు చూడటానికి రోడ్డెక్కారు.

మూడో అంతస్తు సెక్రటరీ:
నేను ఓ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఉన్నాను, కోపం వస్తే రానివ్వండి. కాంపౌండ్ గేటుకు నీళ్లడ్డం పలక పెట్టిద్దామంటే పై అంతస్తుల వాళ్లు 'మాకెందుకు' అంటారు. కరెంటు పోయి లిఫ్టు ఆగితే, సంపు పాడైతే అందరికీ ఒకటేనని ఎంత చెప్పినా మీటింగు ముందుకు సాగదు. అద్దెకున్నవాళ్లను మీటింగుకే పిలవరు. అమ్మా, మీ ఓనరుతో మాట్లాడి సంపు మూతకు రబ్బరు సీలు, మెయిన్ బోర్డు ఎత్తు పెంచడం, ఈ రెండూ సెప్టెంబరులోనే చేయించుకోండి. వాన మొదలయ్యాక ఎలక్ట్రీషియన్ దొరకడు.

ఇంకోటి. బేస్‌మెంటు పక్క గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. కార్లు ఫ్లైఓవర్ ఎక్కించే హడావుడిలో వాళ్లనెవరూ అడగరు. క్లబ్ హౌస్ తాళాలు వాళ్ల చేతికివ్వమని నేను పెట్టిన తీర్మానం ఇంకా పెండింగులోనే ఉంది.

సందేహాల రావు:
తీర్మానాలు మీవి, నీళ్లు మావి! సరే, రెడ్‌కు వెళ్లమన్నది ఒప్పుకుంటాను. వాయుగుండానికే రైలెక్కడం మాత్రం ఒప్పుకోను.

ట్రిప్లికేన్ నర్సు:
అత్తగారి ఇన్సులిన్ గురించి ఎవరూ రాయలేదు. వాడుకలో ఉన్న సీసా ఫ్రిజ్ లేకపోయినా గది వేడిలో దాదాపు నాలుగు వారాలు పనిచేస్తుంది, ఎండ తగలకుండా ఉంటే చాలు. మీ మందు కాగితం మీద ఎన్ని రోజులని ఉందో ఒకసారి చూసుకోండి. తెరవనివి తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో, నీళ్లు తగలకుండా డబ్బాలో పెట్టండి. ఐసు ముక్కల్లో నేరుగా పెట్టొద్దు, గడ్డకడితే పనికిరాదు. సూదులు, షుగరు చూసే స్ట్రిప్పులు రెండు వారాలకు సరిపడా ఉంచండి. మందుల చీటీ ఫొటో ఫోన్‌లో ఉంది కదా అనుకోవద్దు, ఫోన్ చచ్చిపోతుంది. కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పెద్దావిడ భోజనం వేళలు తప్పుతాయి కాబట్టి షుగరు పడిపోతే ఇవ్వడానికి గ్లూకోజు, బెల్లం సంచీలోనే ఉండాలి.

కొంచెం నగదు కూడా. వర్దా వచ్చింది పెద్దనోట్ల రద్దయిన నెలకు. చేతిలో డబ్బు లేదు, ఏటీఎంలు లేవు, కార్డు మెషీన్లు పనిచేయవు. నీళ్ల క్యాను కొనడానికి జనం పడ్డ పాట్లు చూశాను. ఇప్పుడు ఫోన్‌తో చెల్లిస్తున్నాం, టవర్ పడిపోతే అదే కథ.

నెల్లూరు చిన్నోడు:
అంతా బాగానే ఉంది, మెరక మీద మేడిల్లు ఉన్న చుట్టాలు అందరికీ ఉంటారా? లేనోళ్లకు నెల్లూరే గతి.

బాపట్ల నుంచి:
లేనివాళ్లకు కార్పొరేషన్ సహాయ శిబిరాలున్నాయి, 1913కు ఫోన్ చేస్తే చెబుతారు. రెండు రాత్రులకు లాడ్జి గదైనా ఫర్వాలేదు. నెల్లూరే వెళ్లాలంటే మూడు రోజుల ముందు సూచన వచ్చినప్పుడే, తుఫాను దారి దక్షిణానికి అని బులెటిన్‌లో తేలితేనే వెళ్లండి. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కనే పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, హైవే కూడా తెగింది. ఆ పూట రెండు ఊళ్ల మధ్య ఇరుక్కున్నవాళ్లకు ఏ ఇల్లూ పనికిరాలేదు.

గ్రౌండ్‌ఫ్లోర్ కోడలు:
అందరికీ థాంక్సండీ. మా ఆయనకు మొత్తం చదివి వినిపించాను. నెల్లూరు చిన్నోడి మాటల దగ్గర మాత్రం గట్టిగా తల ఊపారు! చివరికి రాజీ కుదిరింది. మైలాపూర్‌లో మా పిన్ని వాళ్లది రెండో అంతస్తు, 2015లోనూ వాళ్ల వీధిలో నీళ్లు నిలవలేదు. రెడ్ వస్తే అత్తగారు, బాబు, నేను పగలే అక్కడికి. ఆయన కారు ఎత్తులో పెట్టి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఇటుకల మీదికెక్కించి, మెయిన్ ఆపి, గ్యాస్ కట్టేసి వెనకే వస్తారు. నెల్లూరు సంక్రాంతికే. ఒక్కటే తేలలేదు, సామాన్లకు ఇన్సూరెన్సు అద్దెకున్నవాళ్లకు ఇస్తారా?

మూడో అంతస్తు సెక్రటరీ:
ఇస్తారు. భారత్ గృహ రక్ష అనే ఇంటి ఇన్సూరెన్సులో ఇల్లు లేకుండా సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. తుఫాను, వరద రెండూ అందులో ఉంటాయి. వాయుగుండం పుట్టాక కాకుండా ఈ వారమే తీసుకోండి. తీసుకునేముందు గదులన్నీ, బీరువా లోపలితో సహా, వీడియో తీసి పిన్నిగారి ఫోన్‌కు పంపి ఉంచండి. బిల్లులున్నవి విడిగా ఫొటో తీయండి.