గాయపడ్డ రేసర్‌కి సాయం సరే, అతని షాపుని కూడా మనమే నడపాలా?

మంచుకొండ (చర్చ మొదలుపెట్టినవారు):
నేనుండేది కొలరాడోలో, డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమటికి గంటన్నర పోతే వచ్చే కొండ ఊరు. మా పక్కింటాయన స్నోబోర్డ్ రేసర్. గాల్లో పల్టీలు కొట్టే రకం కాదు, స్నోబోర్డ్ క్రాస్ అంటారు, నలుగురు ఒకేసారి గేటులోంచి దూకి ఒకే ట్రాక్ మీద భుజాలు రాసుకుంటూ దిగే రేసు. 2006 టురిన్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఆయన అంతదాకా వెళ్ళలేదు గానీ ఇరవై ఏళ్ళుగా చుట్టుపక్కల రేసులన్నిట్లో దిగుతాడు. పోయిన నెల ఒక రేసులో పక్కవాడు తగిలి పడ్డాడు, మోకాలి కింద ఎముక మూడు ముక్కలైంది. ప్లేటు, స్క్రూలు వేశారు. పన్నెండు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదన్నారు.

ఆయనకి చిన్న షాపుంది. బోర్డులకి వ్యాక్స్ పట్టడం, అంచులు సానబెట్టడం, రాళ్ళు తగిలి అడుగున పడ్డ గుంటలు పూడ్చడం. ఇలాంటి షాపుకి ఏడాది సంపాదన అంటే నవంబరు చివర నుంచి ఏప్రిల్ దాకా వచ్చేదే. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే సెలవు కలిసొచ్చే మూడు రోజుల వారాంతం వస్తే షాపులో నిలబడే చోటుండదు. సరిగ్గా అప్పుడే మనిషి మంచం మీద ఉన్నాడు.

ఆయనతో ఏళ్ళ తరబడి పోటీపడ్డ ఐదుగురు స్నేహితులు, ఆయన అడగకముందే, వంతులు వేసుకుని షాపు తెరుస్తున్నారు. ఒకాయన ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో చేస్తాడు, ఒకామె స్కూల్ టీచర్. చందాల పేజీ కూడా పెట్టారు. అందులో ఆస్పత్రి ఖర్చుతో పాటు షాపు అద్దె, అక్కడ పనిచేసే కుర్రాడి జీతం కూడా రాశారు. నేను రెండు శనివారాలు వెళ్ళి సాయం చేశాను. ఆ లింకు మన తెలుగు వాట్సాప్ గ్రూపులో పెడితే "మనిషికైతే ఇస్తాం, వ్యాపారానికి చందా ఏంటి" అన్నారు. మీరేమంటారు?

లెక్కలపద్దు:
వాళ్ళు అన్నదాంట్లో తప్పేముంది? వ్యాపారం అన్నాక లాభం వస్తే ఆయన తీసుకుంటాడు, నష్టం వస్తే ఊరు భరించాలా? నలభై దాటిన మనిషి, రేసుల్లో దిగుతూ, షాపు తన ఒక్కడి చేతుల మీద నడుస్తుందని తెలిసి కూడా ఇన్సూరెన్స్ ఎందుకు తీసుకోలేదు? దెబ్బ తగిలి పని చెయ్యలేకపోతే ఆదాయం ఇచ్చే డిసేబిలిటీ పాలసీ ఉంటుంది. యజమాని మంచాన పడితే అద్దె, జీతాలు కట్టే బిజినెస్ ఓవర్‌హెడ్ పాలసీ అని విడిగా ఉంటుంది. ఆస్పత్రి ఖర్చు కూడా అంతులేనిది కాదు. మార్కెట్‌ప్లేస్ ప్లాన్ (ఎవరికి వాళ్ళు సర్కారు వెబ్‌సైటులో కొనుక్కునే ఆరోగ్య బీమా) ఉంటే, ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న ఆస్పత్రుల్లో 2025లో ఒక మనిషి జేబులోంచి పెట్టాల్సింది ఎక్కువలో ఎక్కువ 9,200 డాలర్లు. ఇంకో మాట, ఆ చందాల వెబ్‌సైటు ప్రతి విరాళంలో 2.9 శాతం, పైన 30 సెంట్లు కోసుకుంటుంది. మీరిచ్చింది టాక్స్‌లో చూపించుకోవడానికీ లేదు.

గోదారిపిల్ల:
2.9 శాతం గురించి బాధపడేవాళ్ళు చెక్కు రాసి చేతికివ్వచ్చు కదండీ.

మంచుకొండ:
లెక్కలపద్దు గారూ, ఆయనకి ఆస్పత్రి ఇన్సూరెన్స్ ఉంది. డిసేబిలిటీ పాలసీ లేదు, నిజమే. రేసులు ఆడేవాళ్ళకి అది దొరకడమే కష్టం, దొరికినా ఆ ప్రమాదాన్ని మినహాయించి ఇస్తామంటారని ఆయనే చెప్పాడు.

ఈ ఆటలో పెద్ద పేరున్నవాళ్ళకే దిక్కు లేదు. కెనడా స్కీయర్ సారా బర్క్ సంగతి గుర్తుందా? 2012 జనవరి 10న యూటాలోని పార్క్ సిటీలో ప్రాక్టీసులో పడింది, 19న చనిపోయింది. అది వాళ్ళ అసోసియేషన్ గుర్తించిన కార్యక్రమం కాదు కాబట్టి ఆ ఇన్సూరెన్స్ వర్తించలేదు. అమెరికా ఆస్పత్రి బిల్లు కుటుంబం నెత్తిన పడుతుందని తెలియగానే జనం మూడు లక్షల డాలర్ల పైన పోగుచేశారు. స్కీ హాఫ్‌పైప్‌ని (సగం గొట్టంలాంటి మంచు కాలువలో స్కీల మీద ఎగిరి విన్యాసాలు చేసే పోటీ) ఒలింపిక్స్‌లో చేర్చాలని పోరాడిన మనిషి ఆమె. ఆమె పరిస్థితే అదైతే ఊళ్ళో రేసులాడేవాడి సంగతి ఏమిటి?

మీకు షాపు సంగతి సరిగా చెప్పలేకపోయాననిపిస్తోంది. మొదటి శనివారం నాకు వ్యాక్స్ పని నేర్పారు. ఇస్త్రీపెట్టె లాంటిదానికి మైనం కడ్డీ ఆనించి బోర్డు అడుగున బొట్లు బొట్లుగా పోయాలి, పెట్టెతో ఒక చివర నుంచి ఇంకో చివరకి ఆగకుండా పామాలి, ఆగితే అడుగు కాలిపోతుంది. చల్లారాక ప్లాస్టిక్ పలకతో గీకితే కొబ్బరి కోరులా రాలుతుంది. టీచరమ్మ అంచులకి ఆకురాయి పడుతోంది. ఆయన ఇంట్లో సోఫాలో కాలు ఎత్తుమీద పెట్టుకుని ఫోన్ స్పీకర్‌లో ఉన్నాడు. ఆకురాయి చప్పుడు విని "ఇంకొక్కసారి" అన్నాడు. ఆమె ఇంకోసారి తోసింది. "ఇప్పుడు చాలు" అన్నాడు. చూడకుండానే! ఆ చెవి ఇరవై ఏళ్ళ పనితో వచ్చింది. ఈ షాపు మూతపడితే ఆయన కాలు బాగయ్యాక ఎక్కడికి నడిచి వెళ్ళాలి?

వీసాలాయర్‌కాదు:
అన్నా, ఒక్క నిమిషం. మీరు హెచ్1బీ మీద ఉన్నారా?

మంచుకొండ:
అవును. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

వీసాలాయర్‌కాదు:
చాలా ఉంది. అందరూ చందా గురించి కొట్టుకుంటున్నారు, అసలు ప్రమాదం ఎవరికీ కనపడట్లేదు. మీరు స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చెయ్యకూడదు. "డబ్బు తీసుకోలేదు" అంటే సరిపోదు. మామూలుగా జీతమిచ్చి చేయించే పని ఊరికే చేసినా అది అనుమతి లేని ఉద్యోగం కింద పట్టుకోవచ్చు. గుళ్ళో వడ్డన వేరు, లాభం కోసం నడిచే షాపు వేరు. దయచేసి ఇంక వెళ్ళకండి.

గోదారిపిల్ల:
పక్కింటాయన కాలు విరిగితే చెయ్యి సాయం చెయ్యడానికి కూడా వీసా చూడాలా?

వీసాలాయర్‌కాదు:
చూడాలి. ఇంకో సంగతి, వీసా లేనివాళ్ళకి కూడా ఇది కుదరదు. ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ (అమెరికా కనీస వేతనాల చట్టం) ప్రకారం ప్రైవేటు లాభాపేక్ష సంస్థకి వాలంటీర్‌గా పనిచెయ్యడం అనేది లేదు. ఆ టీచరమ్మకీ, ఫైర్ ఆయనకీ కూడా జీతం లెక్క కట్టాలి. స్నేహితులు కదా అంటారు, రేపు గొడవొస్తే?

వరంగల్‌వాడు:
ఐదుగురు స్నేహితులు దోస్తు షాపు తెరిస్తే లేబర్ డిపార్ట్‌మెంట్ వచ్చి పట్టుకుంటుందా? మరీ అతి.

లెక్కలపద్దు:
ఆయన చెప్పింది కరెక్టే. అందుకే నేను మొదటి నుంచీ అంటున్నాను, వ్యాపారాన్ని వ్యాపారంలా చూడండి. బ్యాంకు లోన్ తీసుకోమనండి. అయినా స్నోబోర్డింగ్ డబ్బున్నవాళ్ళ సరదా. ఒక రోజు లిఫ్ట్ టికెట్ రెండు వందల డాలర్లు దాటింది. దానికి జీతగాళ్ళం మనం చందా ఇవ్వాలా?

మంచుకొండ:
కొండ మీదకి వచ్చే టూరిస్టుకి డబ్బుంటుంది, ఆ టూరిస్టు బోర్డుకి సానపెట్టేవాడికి ఉండదు. రేసర్లకి అసలే ఉండదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో లిండ్సే జాకబెలిస్ అనే రేసర్‌తో కలిసి స్నోబోర్డ్ క్రాస్ మిక్స్‌డ్ టీమ్ బంగారు పతకం గెలిచిన నిక్ బామ్‌గార్ట్‌నర్ వేసవిలో కాంక్రీటు పని చేసుకుని బతికినవాడు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. విక్ వైల్డ్ అమెరికావాడు, ఇక్కడ ఆల్పైన్ స్నోబోర్డ్ రేసింగ్‌కి (జెండాల మధ్య మలుపులు తిరుగుతూ దిగే రేసు) డబ్బు ఆపేస్తే రష్యాకి వెళ్ళి, 2014 సోచిలో వాళ్ళ తరఫున రెండు బంగారు పతకాలు తెచ్చాడు. అమెరికా ఒలింపిక్ కమిటీకి మన దగ్గరలాగా సర్కారు డబ్బు రాదు. వీళ్ళకి ఉన్నది స్నేహితులే. కెవిన్ పియర్స్ అనే అమెరికా స్నోబోర్డర్ 2009 డిసెంబరు 31న తలకి దెబ్బ తగిలి కోమాలోకి పోతే, తర్వాత వాంకూవర్ ఒలింపిక్స్ అప్పుడు అతని మిత్రులు "కెవిన్ కోసం" అని స్టిక్కర్లు అంటించుకుని తిరిగారు.

పెనమలూరు_బాబాయి:
ఇందాకటి నుంచీ చదువుతున్నాను. బాబూ మంచుకొండా, చాలా బాగా రాశావు. ఒక్క ప్రశ్న అడుగుతాను. తెల్లవాడి షాపులో మైనం గీకడానికి రెండు శనివారాలు పోయినవాడివి, మన తెలుగువాడి షాపులో ఎప్పుడైనా ఒక్క గంట నిలబడ్డావా?

మాకు ఇండియన్ గ్రోసరీ ఉండేది. ఏ ఊరో చెప్పను. పద్నాలుగేళ్ళు నడిపాం. సంక్రాంతి సంబరాలకి బియ్యం మాదే, ఉగాదికి మామిడికాయలు మావే, కొత్తగా వచ్చిన స్టూడెంట్లకి ఖాతా మాదే. 2016లో నాకు బైపాస్ అయింది. మా ఆవిడ ఒక్కతే షాపు చూసింది, హైస్కూలు పిల్లాడు సాయంత్రం వచ్చి సామాను సర్దేవాడు. గ్రూపులో రెండు వందల మంది దణ్ణం బొమ్మ పెట్టారు. ఫోన్ చేసినవాళ్ళు చాలామందే, "అంకుల్ ఎలా ఉన్నారు" అని మొదలుపెట్టి "షాపు ఎప్పుడు పూర్తిగా తెరుస్తారు, కరివేపాకు దొరకట్లేదు" అని ముగించారు. నాలుగు నెలల్లో మూసేశాం. ఖాతా పుస్తకంలో రావాల్సిన బాకీలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అప్పుడు ఎక్కడున్నార్రా మీరంతా?

మంచుకొండ:
బాబాయ్ గారూ, 2016లో నేను హైదరాబాద్‌లో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. మీ మీద గౌరవం ఉంది, కానీ ఎవరో చెయ్యని దానికి నన్ను నిలదీస్తారా? తెల్లవాడు అంటున్నారు. నేను ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలం మంచులో నా కారు కూరుకుపోతే పార పట్టుకుని వచ్చింది ఆయనే. మా ఆవిడకి నొప్పులు వచ్చిన రాత్రి ఆస్పత్రికి దింపింది ఆయన ట్రక్కు. నాకు ఆయన రంగు గుర్తు రాదు.

పెనమలూరు_బాబాయి:
అంటే నీకు చేశాడు కాబట్టి నువ్వు చేస్తున్నావు. చదివింపుల పుస్తకం అన్నమాట. నేను వందమందికి చేశాను, నాకు ఒక్కడూ రాలేదు.

లెక్కలపద్దు:
బాబాయ్ గారూ, నేను అడగచ్చో లేదో. మీరు ఎవరినైనా సాయం అడిగారా?

పెనమలూరు_బాబాయి:
అడగాలా?

లెక్కలపద్దు:
అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా. మా ఊళ్ళో కూడా ఒక కొట్టు అలాగే మూతపడింది. ఆయనకి ఒంట్లో బాగాలేదని మాకు బోర్డు తీసేశాక తెలిసింది. నేను వారం వారం అక్కడే పప్పు కొన్నవాణ్ణి. ఈ రోజు దాకా నాకు అది గుచ్చుకుంటూనే ఉంది. ఆయన ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఏదో ఒకటి చేసేవాళ్ళం. నేను ఇన్సూరెన్స్ ఇన్సూరెన్స్ అని అరిచేది అందుకే. మన అభిమానం అడగనివ్వదు, పక్కవాడికి తెలియదు, ఇక మిగిలేది పాలసీ ఒక్కటే.

గోదారిపిల్ల:
ఆయన స్నేహితులు మాత్రం అడగకుండానే వచ్చారు కదండీ. మొదటి పోస్టులోనే ఉంది.

పెనమలూరు_బాబాయి:
అదే నేను చెప్పేది అమ్మా. చందా తప్పని నేనెక్కడా అనలేదు. ఐదుగురు తాళం అడిగి తీసుకుని షట్టర్ ఎత్తారు చూడు, అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. రొమ్ము కుట్లు మానకుండానే మనిషి గల్లాపెట్టె దగ్గరకి పోయి "నాకు సాయం కావాలి" అని ఎవరి ముందు చెయ్యి చాపుతాడు? అద్దె కట్టలేను అని చెప్తే సరుకు ఇచ్చేవాడు మర్నాటి నుంచి ఇవ్వడు. చెప్పుకుంటే వ్యాపారం పోతుంది, చెప్పుకోకపోతే ప్రాణం పోతుంది. అది తెలియాలంటే కొట్టు నడిపి ఉండాలి.

వరంగల్‌వాడు:
బాబాయ్, ఇది మాకెవ్వరికీ తట్టలేదు. సరుకు ఇచ్చేవాడి సంగతి నిజం. మా నాన్నకి ఎరువుల దుకాణం ఉండేది, ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు "తిరుపతి పోయిండు" అని చెప్పేది మా అమ్మ.

వీసాలాయర్‌కాదు:
బాబాయ్ గారి మాటకి నేను కాదనను. కానీ మంచుకొండ అన్న షాపుకి వెళ్ళకూడదన్నది మాత్రం అలాగే ఉంది. గ్రీన్ కార్డ్ దశలో పాత విషయాలన్నీ అడుగుతారు.

మంచుకొండ:
నిన్న రాత్రి లాయర్‌కి ఫోన్ చేశాను. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చెప్పాడు, షాపు పని ముట్టుకోవద్దన్నాడు. కోపంగా మాట్లాడినందుకు ఏమనుకోకు. టీచరమ్మకి, ఫైర్ ఆయనకి కూడా జీతాల సంగతి చెప్పాను. వాళ్ళు మంగళవారం అకౌంటెంట్ దగ్గరకి వెళ్తున్నారు. చందాలో షాపు భాగం జీతాలకే పోయేట్టు రాయించాలని అనుకుంటున్నారు. లెక్కలపద్దు గారూ, ఆ లెక్క చూడటానికి మీకు తీరికుంటే చెప్పండి.

నేను వంట, ఫిజియోథెరపీకి తీసుకెళ్ళడం చూసుకుంటాను.

లెక్కలపద్దు:
కాగితాలు పంపండి. చందా మాత్రం ఆస్పత్రి ఖర్చుకే ఇస్తాను. నా అభిప్రాయం మారలేదు.

పెనమలూరు_బాబాయి:
నేను డబ్బు పంపను బాబూ, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను, నాకింకా మనసు రావట్లేదు. ఒక్కటి మాత్రం చెయ్యి. ఆయన్ని వారానికి ఒక్కసారైనా షాపుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టు. నన్ను మా పిల్లాడు తీసుకెళ్తానంటే వద్దన్నాను. షట్టర్ మూశాకే చూశాను.

మంచుకొండ:
గుమ్మం ముందు రెండు మెట్లున్నాయి, చక్రాల కుర్చీ ఎక్కదు. ఫైర్ ఆయనా నేనూ కలిసి ఎత్తుతాం. శనివారం ఏడింటికి.