కాలెలార్గా, కృషెవన్, స్తోషియ: జాదర్ పేర్లను తెలుగులో ఎలా రాయాలి?

ప్రశ్న:
క్రొయేషియా తీరంలోని జాదర్ గురించి ఒక యాత్రావ్యాసం రాస్తున్నాను. అక్కడి పాత పట్టణపు ప్రధాన వీధి పేరు కాలెలార్గా. దీనిని ‘వెడల్పు వీధి’ అని తెలుగు చేయవచ్చునా? ఆ వీధి కొసన, చుట్టుపక్కల ఉన్న చర్చీల పేర్లు ఒక్కొక్క పుస్తకంలో ఒక్కొక్క రకంగా కనిపిస్తున్నాయి. వేటిని తీసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు:
వీధి పేరును అనువదించకండి. వెనిస్ వారి మాటలో ‘కాలె’ అంటే వీధి, ‘లార్గా’ అంటే వెడల్పైనది. క్రొయేషియన్‌లో అదే అర్థమిచ్చే ‘షిరోక ఉలిత్స’ అనే పేరు ఉన్నప్పటికీ, ఊరివాళ్ల నోట నిలిచినది మాత్రం కాలెలార్గాయే. రోమన్ల నాటి ప్రధాన వీధి దారినే సాగే ఈ వీధిలోని ఇళ్లు 1943–44 బాంబు దాడుల్లో చాలావరకు కూలిపోగా, తరువాత కొత్తవి కట్టారు. అంటే కట్టడాలకన్నా పేరే పాతది. ‘కాలెలార్గా వీధి’ అంటే పునరుక్తి అవుతుందని పండితులు అనవచ్చు గాని, మొదటి ప్రస్తావనలో అలా రాయడం పాఠకుడికి మేలే.

చర్చీల పేర్ల విషయంలో మన తత్సమ, తద్భవ విభాగం బాగా పనికివస్తుంది. వీధి కొసన ఉన్న కథీడ్రల్ సెయింట్ అనస్తాసియా పేరిట ఉంది. ఆ పేరే జనం నోట అరిగి ‘స్తోషియ’ అయింది. అలాగే మరో చర్చి ఎవరి పేరిట ఉందో ఆ సెయింట్ క్రిసోగొనస్ ‘కృషెవన్’ అయ్యాడు. ఇక్కడ ‘క్రి’ అని కాక ‘కృ’ అని రాయడం సబబు, ఎందుకంటే క్రొయేషియన్‌లో ఆ రేఫ అచ్చులాగా పలుకుతుంది. (మనం ఋకారాన్ని ‘రు’ అని పలికే అలవాటు వేరే సంగతి.) వ్యాసంలో స్థానిక రూపాలనే వాడి, మూల రూపాలను ఒక్కసారి చెబితే చాలు.

కథీడ్రల్ పక్కనున్న గుండ్రని చర్చి పేరుతో మాత్రం జాగ్రత్త అవసరం. తొమ్మిదో శతాబ్దంలో కట్టినప్పుడు అది హోలీ ట్రినిటీ చర్చి. బిషప్ దోనాత్ పేరు దానికి పదిహేనో శతాబ్దం నుంచి వచ్చింది. పదో శతాబ్దపు బైజాంటిన్ చక్రవర్తి ఏడవ కాన్‌స్టంటైన్ దానిని వర్ణిస్తూ, మెట్లు చుట్టుతిరిగి పైనున్న మరో చర్చికి చేరతాయని రాశాడు. ఆ మెట్లు నేటికీ ఉన్నాయి. పునాదుల్లో రోమన్ ఫోరమ్ (ఊరి ప్రధాన కూడలి) శిథిలాలనే వాడుకున్నారు కనుక, జూనో దేవతకు అర్పించిన శాసనపు రాయి కూడా అక్కడ చూడవచ్చు. పదిహేనో శతాబ్దానికి ముందటి కాలం గురించి రాసే వాక్యంలో ‘దోనాత్ చర్చి’ అంటే అప్పటికి లేని పేరు వాడినట్టవుతుంది.

మరొక సభ్యుని చేర్పు:
ఆ చక్రవర్తే ఊరి పేరుకు చెప్పిన వ్యుత్పత్తిని మాత్రం నమ్మవద్దు. ఆయన కాలంలో వాడుకలో ఉన్న ‘దియదోరా’ అనే పేరును లాటిన్ ‘యామ్ ఎరా’తో ముడిపెట్టి, రోము పుట్టేనాటికే ఈ ఊరు ఉండేదని అర్థం చెప్పాడు. అర్జునుడు కొండకు బెజ్జం చేసినందువల్ల బెజవాడ అయిందనే కథ కోవలోనిదే ఇదీ. రోమన్ల నాటికే ఉన్న ‘యాదెర్’ అనే పేరే దియదోరాకు, ఇటాలియన్ ‘జారా’కు, నేటి జాదర్‌కు మూలం.