జూమ్‌లో డీ అండ్ డీ: మ్యాప్, పాచికలు, రహస్యాలు ఎలా నడపాలి?

గడిపలక:
మేం ఆడేది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, తలా ఒక పాత్ర పట్టుకుని కథగా ఆడే ఆట) 5వ ఎడిషన్. డీఎమ్ (కథ నడిపే వ్యక్తి), ఒక ఆటగాడు హైదరాబాద్‌లో, మిగతా ముగ్గురు డల్లాస్‌లో. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకునే ఓపిక ఎవరికీ లేదు, జూమ్ మాత్రం ఆఫీసు పుణ్యమా అని అందరికీ అలవాటే. చిక్కులు మూడు. మ్యాప్‌ను స్క్రీన్ షేర్ చేసి, ఎవరి చోటు వాళ్లు అనొటేట్ (షేర్ చేసిన తెర మీద గీసే సదుపాయం) బాణంతో చూపిస్తే, మ్యాప్ కాస్త జరపగానే బాణాలన్నీ వేరే గడుల్లో తేలుతున్నాయి. నిజం పాచికలే వేయాలి, అవి అందరికీ కనబడాలి. రోగ్ (దొంగ తరహా పాత్ర ఆడేవాడు) ఒక్కడికే ఏదైనా చెప్పాలంటే నమ్మకమైన దారి ఏది?

మూడోఅంతస్తు:
అనొటేషన్ పడేది మ్యాప్ మీద కాదండి, షేర్ అవుతున్న తెర మీద. కింద మ్యాప్ కదిలినా గీత అక్కడే ఉండిపోతుంది. అందుకని మ్యాప్‌ను జూమ్ లోంచే తీసేయండి. జూమ్‌కి ముఖాలు, గొంతులు వదిలేసి, మ్యాప్‌ను గూగుల్ స్లైడ్స్‌లో పెట్టండి.

పేజ్ సెటప్‌లో కస్టమ్ ఎంచుకుని 24 × 18 అంగుళాలు ఇవ్వండి. అంగుళం అంటే ఒక గడి, అంటే 5 అడుగులు. మ్యాప్ బొమ్మ కూడా సరిగ్గా 24 × 18 గడులే ఉండాలి. గడికి 70 పిక్సెల్స్ చొప్పున 1680 × 1260 చాలు. దాన్ని మామూలు బొమ్మగా అతికించకండి, ‘ఛేంజ్ బ్యాక్‌గ్రౌండ్’ నుంచి పెట్టండి. లేకపోతే టోకెన్ (పాత్ర ఎక్కడుందో చూపే బిళ్ల) లాగబోయి ఎవరో ఒకరు మ్యాప్‌నే లాగేస్తారు. టోకెన్ 0.9 అంగుళాల గుండ్రం. ఓగర్ (భారీ రాక్షసుడు) లాంటి లార్జ్ జీవికి, అంటే రెండు గడుల వెడల్పున్నదానికి, 1.9. ఫైర్‌బాల్ అనే మంటల మంత్రం వ్యాసార్థం 20 అడుగులు కాబట్టి 8 అంగుళాల వెడల్పున్న పారదర్శక వృత్తం ఒకటి పక్కన సిద్ధంగా ఉంచుకోండి. ఎవరు కాలారో లెక్క క్షణంలో తేలిపోతుంది.

చూడని గదుల మీద నల్లటి డబ్బాలు, గదికొకటి. తలుపు తెరిచినప్పుడు ఆ ఒక్కటి తీసేయండి. లింక్‌కి ఎడిట్ అనుమతి ఇస్తేనే ఎవరి టోకెన్ వాళ్లు జరుపుకోగలరు. కానీ ఎడిట్ ఉన్నవాళ్లకి స్పీకర్ నోట్స్, తర్వాతి స్లైడ్లు కూడా కనిపిస్తాయి. రాక్షసుల వివరాలు, రాబోయే మ్యాప్‌లు వేరే ఫైల్లో దాచి, సమయానికి కాపీ చేయండి.

ఇరవైముఖాలు:
పాచికల సంగతి. ఫోన్‌ను అదే మీటింగ్‌లో రెండో సభ్యుడిగా చేర్చండి. చేరేటప్పుడు ఆడియో అసలు కలపకండి. కలిపితే ల్యాప్‌టాప్ గొంతు ఫోన్ మైకులోకి, ఫోన్‌ది ల్యాప్‌టాప్‌లోకి తిరిగి కీచుమంటుంది. పుస్తకాల దొంతర అంచు మీంచి కెమెరా కిందికి చూసేలా పెట్టండి, పాచికలు వేసే పళ్ళేనికి ఒక అడుగు ఎత్తు సరిపోతుంది. స్టీలు పళ్ళెమైతే లోపల మందంగా గుడ్డ పరవాలి. వెలుతురు పక్క నుంచి రావాలి. నెత్తిన ట్యూబ్‌లైటు ఉంటే సరిగ్గా పైముఖం అంకె మీదే మెరుపు పడి 6, 9 తేడా తెలియదు. మీ తెరలో బొమ్మ తిరగబడి కనిపిస్తే కంగారు పడొద్దు, మిర్రర్ మీకే, అవతలివాళ్లకి సరిగ్గానే కనిపిస్తుంది.

పాచిక చప్పుడు కూడా వినబడాలంటే ఆడియో సెట్టింగ్స్‌లో నాయిస్ సప్రెషన్‌ను ‘లో’కి మార్చండి. ‘హై’లో ఉంటే టకటక శబ్దాన్ని టైపింగ్ అనుకుని మింగేస్తుంది. నేపథ్య సంగీతానికి షేర్ మెనూ అడ్వాన్స్‌డ్‌లో కంప్యూటర్ ఆడియో మాత్రమే పంపే వీలుంది, తెర చూపించక్కర్లేదు.

చాటుమాట:
ఒకటి రెండు వాక్యాల రహస్యమైతే ప్రైవేట్ చాట్. ప్రమాదమల్లా ‘టు’ పెట్టెతోనే. చివరిసారి ఎవరిని ఎంచుకున్నారో అక్కడే ఉండిపోతుంది. రోగ్‌కి అనుకున్నది అందరికీ వెళ్తే ఆ సన్నివేశం పోయినట్టే, వెనక్కి తీసుకున్నా చదివినవాళ్లు చదివేశారు. పంపే ముందు ప్రతిసారీ పేరు చూడండి.

పెద్ద సంభాషణకి బ్రేకౌట్ రూమ్ (అదే మీటింగ్‌లో కొందరిని విడిగా పంపే గది). వెబ్‌సైట్ సెట్టింగ్స్‌లో ముందే ఆన్ చేసి ఉండాలి, ఆట మధ్యలో వెతికితే బటనే కనబడదు. గదిలో రాసిన చాట్ ఆ గదివాళ్లకే చేరుతుంది. మిగతావాళ్లని ఐదు నిమిషాలకు మించి ఖాళీగా కూర్చోబెట్టొద్దు, అది ఆటగాళ్లకు అన్యాయం.

ఇనిషియేటివ్ (పోరాటంలో ఎవరి వంతు ఎప్పుడో తేల్చే అంకె) కూడా అంతే ముఖ్యం. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా తెగుతుంది. పేరు మార్చుకునే వీలుంది కదా, ‘17 – క్లెరిక్ – ఏసీ 18’ అని పెట్టమనండి. 17 ఇనిషియేటివ్, క్లెరిక్ పాత్ర, ఏసీ అంటే ఆ పాత్రకి దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె. వరస, ఏసీ రెండూ ముఖం కిందే ఉంటాయి.

గడిపలక:
ఉచిత ఖాతాలో 40 నిమిషాలకే కాల్ కట్ అవుతుంది. ఆఫీసు ఖాతాతో హోస్ట్ చేయొచ్చా?

మూడోఅంతస్తు:
వద్దండి. మీటింగ్ వివరాలు, రికార్డింగ్‌లు ఆ ఖాతా నడిపే అడ్మిన్ చేతిలో ఉంటాయి, పైగా అది కంపెనీ లైసెన్సు. హోస్ట్ ఒక్కరు సొంతంగా నెల చందా కడితే చాలు, మిగతావాళ్లకి అక్కర్లేదు. లేదంటే గూగుల్ మీట్‌లో ముగ్గురు, ఆపై ఉంటే 60 నిమిషాలు. ఆ గడువుకి పోరాటం ముగిసేలా చూసుకుని, షార్ట్ రెస్ట్ (ఆటలో పాత్రలు కాసేపు ఆగే విరామం) దగ్గర కొత్త కాల్ మొదలుపెట్టండి.

డల్లాస్ వాళ్లున్నారు కాబట్టి ఇంకోటి. అక్కడ శనివారం రాత్రి 9 అంటే హైదరాబాద్‌లో వేసవి నెలల్లో ఆదివారం ఉదయం 7:30, నవంబర్ మొదటి ఆదివారం నుంచి 8:30. మార్చి రెండో ఆదివారం మళ్లీ మారుతుంది. క్యాలెండర్ ఆహ్వానం డల్లాస్ టైమ్‌జోన్‌లో పంపండి, ఇటువైపు గంట అదే సర్దుకుంటుంది.