పాన్‌హైపోపిట్యూటరిజం అని రాశారు. టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంటే థైరాయిడ్ మాత్ర ఎందుకు?

ప్రశ్న: గోదారిగట్టు

మా అత్తయ్యగారికి 46 ఏళ్లు. విపరీతమైన నీరసం, చలి, వాంతులతో ఆసుపత్రిలో చేర్చాం. డిశ్చార్జ్ కాగితంలో పాన్‌హైపోపిట్యూటరిజం, షీహాన్ సిండ్రోమ్ అని ఉంది. సోడియం 121, పొటాషియం 4.2, ఉదయం 8 గంటల కార్టిసాల్ 1.8, ఫ్రీ టీ4 0.4, టీఎస్‌హెచ్ 2.1. ఎంఆర్‌ఐలో ఎంప్టీ సెల్లా (పీయూష గ్రంథి ఉండే గుంత ఖాళీగా కనబడటం). 19 ఏళ్ల కిందట రెండో కాన్పులో బాగా రక్తం పోయిందట. తర్వాత పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు.

హైడ్రోకార్టిసోన్ పొద్దున 10, మధ్యాహ్నం 5, సాయంత్రం 5 మి.గ్రా. ఇచ్చారు. థైరాయిడ్ మాత్ర వారం తర్వాతట. టీఎస్‌హెచ్ నార్మల్ కదా, ఆ మాత్ర దేనికి? ఇవ్వాల్సిందే అయితే ఆగడం దేనికి? శనివారాలు ఒక్కపొద్దు ఉంటారు, ఉండొచ్చా?

జవాబు: పీయూషం

ఆవిడ థైరాయిడ్, అడ్రినల్, అండాశయాలు చెడిపోలేదండీ. వాటికి పని చెప్పే పీయూష గ్రంథి (పిట్యూటరీ) చెడిపోయింది. కిందివన్నీ మందగించడానికి కారణం అదే, పాన్‌హైపోపిట్యూటరిజం అంటే ఇదే. గర్భంతో ఉన్నప్పుడు ఈ గ్రంథి పెరుగుతుంది, రక్తం అవసరమూ పెరుగుతుంది. కాన్పులో రక్తస్రావమై బీపీ పడిపోతే ముందుగా దెబ్బతినే వాటిలో ఇదొకటి. షీహాన్ అనే పాథాలజిస్టు 1937లో దీన్ని వివరించాడు. పాలు పడకపోవడమే మొదటి గుర్తు. మిగతావి మెల్లగా బయటపడతాయి కాబట్టి రక్తహీనత అనో, బలహీనత అనో ఏళ్లు గడిచిపోతాయి. రక్తపింజర కాటుకు కిడ్నీలు దెబ్బతిన్న కొందరిలోనూ తర్వాత ఇదే జబ్బు కనబడుతుంది.

ఇక టీఎస్‌హెచ్. థైరాయిడ్‌కి పని చెప్పే హార్మోను అది, దాన్ని తయారుచేసేది పీయూష గ్రంథే. థైరాయిడ్ హార్మోను టీ4 0.4కి పడిపోయినప్పుడు ఆరోగ్యంగా ఉన్న గ్రంథి అయితే టీఎస్‌హెచ్‌ని బాగా పెంచాలి. పెంచలేక 2.1 దగ్గరే ఉండిపోయింది, అదే జబ్బు. అందుకే టీఎస్‌హెచ్ ఒక్కటే చేయించి థైరాయిడ్ బాగుందని పంపేస్తే ఇది ఎప్పటికీ దొరకదు. ఇకమీదట కూడా డోసు సరిచూసేది ఫ్రీ టీ4తోనే. అది నార్మల్ పరిధిలో పైసగంలో ఉండాలి. మాత్ర వాడుతుంటే టీఎస్‌హెచ్ ఇంకా తగ్గుతుంది. అది చూసి డోసు ఎక్కువైందని ఎవరైనా తగ్గించబోతే ఒప్పుకోకండి, ఫ్రీ టీ4 చూపించండి.

వారం ఆగమన్నది చాలా ముఖ్యం. థైరాక్సిన్, అంటే ఆ థైరాయిడ్ మాత్ర, పడగానే శరీరం కార్టిసాల్‌ని (అడ్రినల్ హార్మోను) త్వరగా ఖర్చు చేస్తుంది. అసలే కార్టిసాల్ 1.8కి పడిపోయిన మనిషికి ముందు థైరాక్సినే ఇస్తే వాంతులు, బీపీ పడిపోవడం, స్పృహ తప్పడం దాకా పోవచ్చు. కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్ (హైడ్రోకార్టిసోన్) ముందు, థైరాక్సిన్ తర్వాత. ఈ వరస తప్పకూడదు.

పొటాషియం నార్మల్‌గా ఉండటం కూడా లెక్క ప్రకారమే. ఉప్పును పట్టి ఉంచే ఆల్డోస్టిరాన్ పీయూష గ్రంథి మీద ఆధారపడదు, కాబట్టి దాని బదులు ఇచ్చే ఫ్లూడ్రోకార్టిసోన్ అక్కర్లేదు. కార్టిసాల్ లేక నీరు నిలిచిపోవడం వల్ల సోడియం పడింది. మాత్రలతో అది సర్దుకుంటుంది. ఒకవేళ హైడ్రోకార్టిసోన్ మొదలయ్యాక రోజుకు 3 లీటర్లు దాటి మూత్రం పోతూ, ఆపుకోలేని దాహం వేస్తుంటే వెంటనే డాక్టరుకు చెప్పండి. దాగి ఉన్న మరో హార్మోను లోటు అప్పుడు బయటపడుతుంది.

జవాబు: మందులకొట్టు

వాడే తీరు చెబుతాను. హైడ్రోకార్టిసోన్ మొదటి డోసు నిద్ర లేవగానే. చివరిది సాయంత్రం 5 దాటకుండా చూడండి, ఆలస్యమైతే నిద్ర పట్టదు. థైరాక్సిన్ మొదలయ్యాక పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, కాఫీకీ టిఫినుకీ అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం ఉండాలి. టీబీకి రిఫాంపిసిన్ రాస్తే ఈ జబ్బు సంగతి ముందే చెప్పండి, అది స్టెరాయిడ్‌ని త్వరగా కరిగించేస్తుంది, డోసు పెంచాల్సి వస్తుంది.

స్టెరాయిడ్ అంటే భయపడి సగం చేసేవాళ్లుంటారు. ఇది లేని హార్మోనును పూడ్చడమే, 20 మి.గ్రా. దానికి సరిపడే డోసు.

ఒక్కపొద్దు మాటకొస్తే, మాత్రలు మాత్రం ఏ పూటా మానకూడదు. కార్టిసాల్ తక్కువున్నవాళ్లకు పస్తుంటే షుగర్ పడిపోతుంది. డోసు కుదిరేదాకా ఆపేయమనండి, తర్వాత డాక్టరు సరేనంటే పాలు, పళ్లతో ఉండొచ్చు.

జవాబు: పీయూషం

జ్వరం వచ్చినప్పుడు చేయాల్సింది ఇంట్లో అందరికీ తెలియాలి. సాధారణంగా 100.4 దాటితే హైడ్రోకార్టిసోన్ రోజు డోసు రెట్టింపు, 102 దాటితే మూడింతలు, జ్వరం తగ్గేదాకా. తగ్గాక మామూలు డోసుకు రావాలి. ఈ లెక్కను మీ డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.

వాంతి అయితే డోసు పోయినట్టే. మళ్లీ వేయండి. అదీ నిలవకపోతే, లేక విరేచనాలు ఆగకపోతే, ఇంట్లో చూస్తూ కూర్చోవద్దు. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇంజెక్షన్ కండకు ఇచ్చి, ఆసుపత్రికి బయల్దేరాలి. ఇంజెక్షన్ పొడి రూపంలో వస్తుంది. వయల్, కలిపే నీరు, సిరంజి, సూది ఒకే డబ్బాలో పెట్టండి. తొడ బయటివైపు ఎలా పొడవాలో నర్సు దగ్గర ఇద్దరైనా నేర్చుకోండి. ఎక్స్‌పైరీ తేదీ డబ్బా మీద పెద్దగా రాయండి.

ఆపరేషన్‌కైనా, పన్ను పీకించుకోవడానికైనా ముందే చెప్పాలి. పర్సులో ఒక కార్డు ఉండాలి: జబ్బు పేరు, రోజు డోసు, ‘స్పృహ లేకపోతే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. ఇవ్వండి’ అన్న వాక్యం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఆవిడకు 46 ఏళ్లే కాబట్టి, ఈస్ట్రోజన్ అవసరమా అని, ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా తర్వాతి విజిట్‌లో అడగండి.