మూడు రోజుల్లో ఏపీ సైకాలజీ: ఏది చదవాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న

నేను అమెరికాలో పదకొండో తరగతి చదువుతున్న విద్యార్థినిని. ఇంకో మూడు రోజుల్లో ఏపీ సైకాలజీ పరీక్ష ఉంది (ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూలు విద్యార్థులకు కాలేజ్ బోర్డు నిర్వహించే కాలేజీ స్థాయి కోర్సు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్). తరగతిలో చెప్పినదంతా అర్థమవుతూనే ఉంది కాబట్టి చివర్లో చూసుకోవచ్చులే అని ఏడాదంతా వాయిదా వేశాను. నిన్న ఐదు యూనిట్లలో మొదటి రెండింటిని రంగు పెన్నుతో గీతలు గీసుకుంటూ రెండేసి సార్లు చదివాను. చదువుతున్నంతసేపూ అన్నీ తెలిసినవే అనిపించాయి. ఈ ఉదయం అవే యూనిట్ల నుంచి ఇరవై ప్రశ్నలు చేస్తే పదకొండే సరిపోయాయి. ఇక మూడో యూనిట్‌లోని నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్‌నూ పనిష్‌మెంట్‌నూ తరగతిలో విన్ననాటి నుంచీ తారుమారు చేస్తూనే ఉన్నాను. మిగిలిన మూడు యూనిట్లను కూడా ఇలాగే చదవాలా, లేక వేరే దారి ఏదైనా ఉందా? రాత్రులు మేలుకోవడానికి నేను సిద్ధమే. మా అక్క 2022లో వాడిన గైడు కూడా నా దగ్గర ఉంది.

జవాబు: సైకాలజీ బోధించే ఉపాధ్యాయురాలు

ముందుగా ఆ గైడు సంగతి చెబుతాను. 2025 మే పరీక్ష నుంచి ఈ సబ్జెక్టు స్వరూపం మారింది. మీ అక్క కాలంలో తొమ్మిది యూనిట్లు ఉండేవి, బహుళైచ్ఛిక ప్రశ్నలు వంద ఇచ్చి డెబ్బై నిమిషాలు కేటాయించేవారు. ఇప్పుడు యూనిట్లు ఐదు, ప్రశ్నలు 75, సమయం 90 నిమిషాలు. ఆ తరువాత 70 నిమిషాల్లో రెండు పెద్ద సమాధానాలు రాయాలి. పాత గైడులోని నిర్వచనాలు చాలావరకు పనికొస్తాయి గాని, అందులోని నమూనా వ్యాసరూప ప్రశ్నలను మాత్రం ముట్టుకోవద్దు. అవి ఇప్పటి పరీక్షలో లేని రకానికి చెందినవి.

ఇక నీకు ఇరవైకి పదకొండే ఎందుకు వచ్చాయన్న దానికి జవాబు జ్ఞాపకశక్తి పాఠం ఉన్న నీ రెండో యూనిట్‌లోనే ఉందమ్మా. పేజీని రెండోసారి చూసినప్పుడు అది మనకు పరిచయమైనదిగా కనిపిస్తుంది. ఆ పరిచయాన్నే మనం జ్ఞాపకం అనుకుని మోసపోతాం. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాశారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, పాఠాన్ని మూసి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించినవారే ముందు నిలిచారు. అందువల్ల రంగు పెన్ను పక్కన పెట్టు. ఒక తెల్లకాగితం తీసుకుని, ఒక్కో యూనిట్ పేరు పైన రాసి, పుస్తకం చూడకుండా నీకు గుర్తున్నదంతా దాని మీద పెట్టు. ఆ తరువాత పుస్తకం తెరిచి, రాయలేకపోయిన వాటిని మాత్రమే చదువు. మొదటి కాగితం సగం ఖాళీగానే మిగులుతుంది. అది చూసి భయపడవద్దు, ఆ ఖాళీయే నీవు చదవవలసిన జాబితా.

వీటన్నిటికంటే ముందు పరిశోధనా పద్ధతులు చూసుకో. రెండు పెద్ద సమాధానాలకు కలిపి మొత్తం మార్కుల్లో మూడో వంతు ఉంది, ఆ రెండూ పరిశోధనల చుట్టూనే తిరుగుతాయి. మొదటిదానిలో ఒక అధ్యయనాన్ని సంగ్రహంగా ఇచ్చి, అది ఏ రకం పరిశోధన, ఫలానా చరరాశిని ఎలా కొలిచారు, ఇచ్చిన గణాంకానికి అర్థం ఏమిటి, పాటించిన నైతిక నియమం ఏది, ఫలితం ఇతరులకు ఎంతవరకు వర్తిస్తుంది అని అడుగుతారు. మా విద్యార్థులు తరచూ తడబడే చోటు ర్యాండమ్ శాంప్లింగ్, ర్యాండమ్ అసైన్‌మెంట్ (ర్యాండమ్ అంటే లాటరీ తీసినట్లు యాదృచ్ఛికంగా). మొదటిది అధ్యయనంలోకి ఎవరిని తీసుకున్నారన్నది. ఫలితం ఎవరెవరికి వర్తిస్తుందో అది చెబుతుంది. రెండోది తీసుకున్నవారిని గుంపులుగా ఎలా పంచారన్నది. కార్యకారణ సంబంధం ఉందని అనడానికి ఆధారం అదే. అలా గుంపులుగా పంచకుండా, రెండు అంశాలు కలిసి మారుతున్నాయా అని మాత్రమే చూసే సహసంబంధ అధ్యయనం ఇచ్చినప్పుడు ‘దీని వల్లే అది జరిగింది’ అని రాస్తే ఆ మార్కు పోయినట్లే.

జవాబు: నిరుడు ఈ పరీక్ష రాసిన విద్యార్థి

నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్ దగ్గర నేను కూడా చాలాకాలం ఇబ్బంది పడ్డాను. మన మనసులో ‘నెగటివ్’ అంటే ‘చెడ్డ’ అన్న అర్థం స్థిరపడిపోయి ఉండడమే దానికి కారణమని తరువాత తెలిసింది. ఇక్కడ పాజిటివ్ అంటే కూడిక, నెగటివ్ అంటే తీసివేత, అంతే. మంచిచెడ్డల ప్రసక్తి లేదు. రెండు ప్రశ్నలు వేసుకోండి: ఏదైనా చేర్చారా, తీసివేశారా? ఆ ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా? పెరిగితే రీఇన్ఫోర్స్‌మెంట్, తగ్గితే పనిష్‌మెంట్. సీటు బెల్టు పెట్టుకోగానే కారులో మోత ఆగిపోతుంది, అందువల్ల బెల్టు పెట్టుకునే అలవాటు పెరుగుతుంది. తీసివేత జరిగింది, ప్రవర్తన పెరిగింది కాబట్టి ఇది నెగటివ్ రీఇన్ఫోర్స్‌మెంట్. అల్లరి చేశాడని ఫోను లాక్కుంటే, ఆ అల్లరి తగ్గితే, అక్కడా తీసివేతే గాని అది పనిష్‌మెంట్.

మరిచిపోవడం గురించిన జంట పదాలైన ప్రోయాక్టివ్, రెట్రోయాక్టివ్ ఇంటర్‌ఫియరెన్స్‌కు (మొదటిదానిలో పాతది కొత్తదానికి అడ్డొస్తుంది, రెండోదానిలో కొత్తది పాతదానికి) కూడా ఇలాంటి సొంత ఉదాహరణే కట్టుకోండి. పాస్‌వర్డ్ మార్చాక కూడా వేళ్లు పాతదాన్నే కొడుతుంటే ప్రోయాక్టివ్. కొత్తది అలవాటయ్యాక పాతది ఎంత ఆలోచించినా గుర్తుకు రాకపోతే రెట్రోయాక్టివ్.

రెండో పెద్ద సమాధానానికి 45 నిమిషాలు ఇస్తారు, అందులో పావుగంట చదువుకోవడానికే. ఒకే విషయం మీద మూడు అధ్యయనాలు ఇస్తారు. మీ వాదనను ఒక వాక్యంలో చెప్పి, రెండు వేర్వేరు అధ్యయనాల నుంచి ఆధారాలు చూపి, ఒక్కో ఆధారం ఆ వాదనను ఎలా బలపరుస్తుందో సైకాలజీలోని ఒక భావనతో వివరించాలి. రెండోసారి వాడే భావన మొదటిసారి వాడినది కాకూడదు. ఈ చివరి నియమం తెలియక మంచి సమాధానం రాసి కూడా మార్కులు పోగొట్టుకున్నవారు మా తరగతిలో ఉన్నారు. మరొకటి, తప్పు సమాధానానికి మార్కులు తీసివేయరు కాబట్టి 75లో ఒక్కటి కూడా ఖాళీగా వదలవద్దు.

జవాబు: ఒక తండ్రి

ఉపాధ్యాయురాలు గారు చెప్పిన తెల్లకాగితం పద్ధతితో నాకు కొంత పేచీ ఉంది. తరగతిలో విని అర్థం చేసుకున్న యూనిట్‌కు అది చక్కగా పనిచేస్తుంది. పాఠమే సరిగా వినని యూనిట్‌కు కాగితం మీద పెట్టడానికి ఏముంటుంది? మా అబ్బాయి మెదడు భాగాల పాఠానికి అలాగే కూర్చుని, గంటసేపు ఖాళీ కాగితాన్ని చూసి విసుగుతో లేచిపోయాడు. అలాంటి చోట ఒకసారి నిదానంగా చదివిన తరువాతే కాగితం తీయడం మంచిది.

రాత్రి మేలుకోవడం గురించి మాత్రం నాకు సందేహం లేదు. పగలు నేర్చుకున్నది స్థిరపడడంలో నిద్రకు పాత్ర ఉందని మీ మొదటి యూనిట్‌లోనే చదువుకుని, ఆ యూనిట్‌ను నిద్ర మానుకుని చదవడం విడ్డూరం కదమ్మా! రెండు గంటల నలభై నిమిషాల పరీక్షలో అధ్యయనాలు చదివి అర్థం చేసుకోవలసిన భాగం చివరికి వస్తుంది. నిద్రలేని కళ్లు మొరాయించేది కూడా సరిగ్గా అక్కడే.

జవాబు: సైకాలజీ బోధించే ఉపాధ్యాయురాలు

తండ్రిగారి సవరణ సరైనదే, ఆ మాట నేనే చెప్పి ఉండవలసింది. అయితే ఒక్కసారి చదవడం అన్నది మూడుసార్లుగా మారకుండా చూసుకో. యూనిట్లను ఒకదాని వెంట ఒకటి పూర్తిచేయడం కంటే, ఈ రోజు చేసిన యూనిట్‌ను రేపు ఉదయం పది నిమిషాలు కాగితం మీద మళ్లీ పరీక్షించుకోవడం మేలు. మూడు రోజులే ఉన్నా ఎడం ఇచ్చి నేర్చుకోవడానికి ఆ మాత్రం చోటు ఉంటుంది. ఒక్కో యూనిట్‌కు బహుళైచ్ఛిక భాగంలో 15 నుంచి 25 శాతం వాటా ఉంది కాబట్టి దేనినీ పూర్తిగా వదిలేయడం కుదరదు. అందువల్ల యూనిట్‌నంతా వదలకుండా, ప్రతి యూనిట్‌లో ఇప్పటికే తడుముకోకుండా రాయగలిగిన వాటిని వదిలేయి.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ ధన్యవాదాలు. మేడమ్, మీరు చెప్పినట్లు రెండో యూనిట్‌కు కాగితం తీసి కూర్చున్నాను. నిన్న రెండుసార్లు గీతలు గీసిన జ్ఞాపకశక్తి పాఠం నుంచి ఎనిమిది పదాలే వచ్చాయి. వాటిలో రెండు, నేను ఎప్పుడూ తారుమారు చేసే ఆ ప్రోయాక్టివ్, రెట్రోయాక్టివ్‌లే. పాస్‌వర్డ్ ఉదాహరణ పక్కనే రాసుకున్నాను. ఇప్పుడు పరిశోధనా పద్ధతులు మొదలుపెడుతున్నాను, పదిన్నరకు పుస్తకం మూసేస్తాను. స్టాండర్డ్ డీవియేషన్‌ను లెక్క కట్టడం కూడా రావాలా, లేక దాని అర్థం చెప్పగలిగితే చాలా?

జవాబు: సైకాలజీ బోధించే ఉపాధ్యాయురాలు

అర్థం చెప్పగలిగితే చాలమ్మా. రెండు గుంపుల సగటు ఒకటే అయి, ఒకదాని స్టాండర్డ్ డీవియేషన్ ఎక్కువగా ఉంటే, ఆ గుంపులోని అంకెలు సగటు నుంచి మరింత దూరంగా చెదిరి ఉన్నాయని రాసి, ఆ మాటను అధ్యయనంలోని విషయానికి ముడిపెట్టు. అంకెను ఉన్నదున్నట్లు ఎత్తి రాస్తే మార్కు రాదు.