సర్వర్‌లెస్ డిప్లాయ్‌కి సొంత సీఎల్ఐ (కమాండ్‌లైన్ టూల్) రాసుకోవడం అవసరమా?

కృష్ణలంక_కోడర్:
మా టీమ్‌లో ఇప్పుడు ఇదే గొడవ. లాంబ్డా (సర్వర్ మనం చూసుకోకుండా కోడ్ నడిపే ఏడబ్ల్యూఎస్ సేవ) ఫంక్షన్లు చాలానే ఉన్నాయి, వాటిని పైకి పంపడానికి ఇన్నాళ్లూ సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్ 3 అనే టూల్‌ వాడాం. 2024లో వచ్చిన 4వ వెర్షన్‌కి లాగిన్ గానీ లైసెన్స్ కీ గానీ కావాలి. ఏడాది ఆదాయం 20 లక్షల డాలర్లు దాటిన కంపెనీలైతే డబ్బు కూడా కట్టాలి. మా మేనేజర్‌ది ఒకటే మాట: "జిప్ చేసి అప్‌లోడ్ చేసేదానికి లైసెన్సా? మనమే ఒక కమాండ్‌లైన్ టూల్ రాసేసుకుందాం." నాకేమో ఇదే పని చేసే ఏడబ్ల్యూఎస్ వాళ్ల సొంత టూల్ శామ్‌కి మారిపోతే సరిపోతుందనిపిస్తోంది. రాసి వాడినవాళ్లుంటే చెప్పండి.

రాత్రిషిఫ్ట్:
మీ మేనేజర్ అన్నదాంట్లో తప్పేముంది? జిప్ చేయడం, కోడ్ అప్‌డేట్ చేయడం, వెర్షన్ పబ్లిష్ చేయడం, ఏలియాస్‌ని (వెర్షన్‌కి పెట్టుకున్న మారుపేరుని) కొత్త వెర్షన్‌కి తిప్పడం. మొత్తం కలిపి మూడు ఏపీఐ కాల్స్. మేం పైథాన్‌లో క్లిక్ లైబ్రరీతో రాసుకున్నాం, ఒక్క ఫంక్షన్ మారిస్తే అదొక్కటే సెకన్లలో పైకెళ్తుంది. శామ్ కింద నడిచే క్లౌడ్‌ఫార్మేషన్ (టెంప్లేట్ చూసి రిసోర్సులన్నీ కట్టే ఏడబ్ల్యూఎస్ సేవ) అయితే చేంజ్‌సెట్ (మార్పుల జాబితా) కట్టి, స్టాక్ (కలిపి కట్టిన రిసోర్సుల గుంపు) మొత్తం చూసుకుని గానీ కదలదు.

పాతబస్తీ_పైప్‌లైన్:
మూడు కాల్సేనా! కోడ్ అప్‌డేట్ చేసిన వెంటనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మార్చబోతే, ముందు అప్‌డేట్ ఇంకా నడుస్తోందని లాంబ్డా కాన్‌ఫ్లిక్ట్ ఎర్రర్ ఇస్తుంది. మధ్యలో వెయిట్ పెట్టాలి. కొత్త ఐఏఎం రోల్ (ఫంక్షన్‌కి ఇచ్చే అనుమతుల మూట) సృష్టించి ఆ క్షణమే ఫంక్షన్ చేయబోతే, ఈ రోల్‌ని లాంబ్డా తీసుకోలేకపోతోందంటుంది. కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

అసలు మజా జిప్‌లో ఉంది. జిప్ ఫైలు లోపల ప్రతి ఫైలు మార్పు సమయం కూడా రాసి ఉంటుంది. సీఐ మెషీన్ (కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసేది) ప్రతిసారీ గిట్ నుంచి కొత్తగా దించుకుంటుంది కాబట్టి ఆ సమయాలు మారతాయి, దాంతో జిప్ హ్యాష్ (వేలిముద్ర లాంటి కోడ్) మారుతుంది. కోడ్‌లో అక్షరం మారకపోయినా టూల్ దాన్ని కొత్త కోడ్ అనుకుని కొత్త వెర్షన్ పబ్లిష్ చేసేస్తుంది. పాత వెర్షన్లన్నీ పోగుపడి, ఒక్కో రీజియన్‌కి (డేటా సెంటర్లున్న ప్రాంతానికి) మామూలుగా ఇచ్చే 75 జీబీ కోడ్ స్టోరేజ్‌ని తినేస్తూ ఉంటాయి. జిప్‌లో ఫైళ్లన్నిటికీ ఒకే తేదీ వేసి, పేర్ల వరుసలో పెడితేనే ఇది ఆగుతుంది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. కాన్ఫిగ్ ఫైల్లోంచి ఒక ఫంక్షన్ పేరు తీసేస్తే మీ టూల్ ఏం చేస్తుంది? నిన్న ఏమున్నాయో దానికి గుర్తుండదు కాబట్టి ఏమీ చేయదు. ఆ ఫంక్షన్, దాని షెడ్యూలు అలాగే తిరుగుతూ ఉంటాయి. సృష్టించడం ఎవరైనా రాస్తారు. తీసేయడం, సగంలో ఆగితే వెనక్కి తిప్పడం రాయమనండి మీ మేనేజర్‌ని.

రాత్రిషిఫ్ట్:
మేం ప్రతి రిసోర్సుకీ ట్యాగ్ వేస్తాం. ట్యాగ్ ఉండి కాన్ఫిగ్‌లో లేనివాటిని టూల్ జాబితా వేసి చూపిస్తుంది, తీసేసేది మనిషే. క్లౌడ్‌ఫార్మేషన్‌ని మాత్రం దేవుణ్ణి చేయకండి. మొదటి డిప్లాయే ఫెయిలైతే స్టాక్ "రోల్‌బ్యాక్ కంప్లీట్" స్థితిలో పడి ఉంటుంది, దాన్ని డిలీట్ చేస్తే తప్ప ముందుకు పోలేం. స్టాక్‌కి 500 రిసోర్సుల పరిమితి ఉంది. ఒక్కో ఫంక్షన్‌కీ రోల్, పర్మిషన్, లాగ్ గ్రూప్ వేసుకుంటూ పోతే ఆ 500 ఎంతసేపు?

పాతబస్తీ_పైప్‌లైన్:
500 సంగతి ఒప్పుకుంటా, స్టాకులు విడగొట్టుకోవాల్సిందే. వేగం కావాలంటే మాత్రం శామ్‌లోనే "సింక్" ఉంది. కోడ్ మాత్రమే పంపమంటే క్లౌడ్‌ఫార్మేషన్‌ని పక్కనపెట్టి నేరుగా లాంబ్డాకే పంపుతుంది. అది డెవలప్‌మెంట్‌కే, ప్రొడక్షన్ మీద వాడకూడదు.

అమీర్‌పేట_ఆన్‌కాల్:
ఇద్దరూ చెరో కొస పట్టుకున్నారు. డిప్లాయ్ ఇంజిన్‌ని మనం రాయక్కర్లేదు గానీ దాని ముందు పల్చటి సీఎల్ఐ ఒకటి ఉండాలి. మాది బాష్‌లో చిన్న స్క్రిప్టు, లోపల నడిచేది శామే. ఎంటర్ కొట్టగానే స్క్రీన్ మీద ఇలా వస్తుంది:

అకౌంట్: ప్రొడ్
రీజియన్: ఏపీ-సౌత్-2, హైదరాబాద్
బ్రాంచ్: మెయిన్, కమిట్ కానివి ఏమీ లేవు
కొనసాగించాలా? అకౌంట్ పేరు టైప్ చేయండి:

అవునా కాదా అని అడిగితే చెయ్యి అలవాటుగా 'వై' కొట్టేస్తుంది. పేరు టైప్ చేయమంటే కన్ను ఒకసారి పైకి పోతుంది. ముంబై ఏపీ-సౌత్-1, 2022 నవంబర్‌లో వచ్చిన హైదరాబాద్ ఏపీ-సౌత్-2. తేడా ఒక్క అంకే. పైగా హైదరాబాద్ రీజియన్‌ని అకౌంట్‌లో ముందుగా ఆన్ చేసుకోవాలి. కోడ్ జిప్ పెట్టే ఎస్3 బకెట్ (ఫైళ్లు దాచే ఏడబ్ల్యూఎస్ స్టోరేజ్) ఫంక్షన్ ఉన్న రీజియన్‌లోనే ఉండాలి, ముంబై బకెట్ చూపిస్తే హైదరాబాద్ ఫంక్షన్ తీసుకోదు. మన స్క్రిప్టు చూడాల్సినవి ఇలాంటివి.

కొత్తగా_చేరా:
అన్నా, పల్చటివే ఏడిపిస్తాయి. నేను ముందు చేసిన చోట ఇలాంటిదే ఉండేది. ఏం జరిగినా "డిప్లాయ్ ఫెయిలైంది, ప్లాట్‌ఫామ్ టీమ్‌ని అడగండి" అని ఒకే ఒక్క లైను. క్లౌడ్‌ఫార్మేషన్ కారణం స్పష్టంగా ఇస్తుంది, దాన్ని ఈ టూల్ మింగేసేది. రాసినాయన కంపెనీ మారిపోయాడు, ఇంక ఒకటే టెన్షన్.

అమీర్‌పేట_ఆన్‌కాల్:
అది నిజమే. లోపల నడిపే కమాండ్‌ని మొత్తం స్క్రీన్ మీద వేయాలి, దాని అవుట్‌పుట్‌ని, ఎగ్జిట్ కోడ్‌ని ముట్టుకోకుండా వదిలేయాలి. రేపు మన స్క్రిప్టు లేకపోయినా ఆ కమాండ్ కాపీ చేసుకుని పని నడిపించుకోగలగాలి. ఒక్కటి మాత్రం చూసుకోండి: మార్పులేమీ లేకపోతే శామ్ డిప్లాయ్ మామూలుగా ఎర్రర్ కోడే ఇస్తుంది, సీఐ అనవసరంగా ఎర్రబడుతుంది. అలా ఫెయిల్ కావద్దని చెప్పే ఆప్షన్ ఉంది, పెట్టుకోండి.

డల్లాస్_దేశీ:
లాంబ్డా లాంటి సేవే అయిన క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ వాళ్ల సీఎల్ఐ వ్రాంగ్లర్‌ని మొదట రస్ట్‌లో రాశారు, 2వ వెర్షన్‌కి టైప్‌స్క్రిప్ట్‌లో మళ్లీ రాశారు. అదే పనిగా జీతమిచ్చి పెట్టుకున్న కంపెనీకే తిరగరాయక తప్పలేదు. మీ టూల్‌ని ఎవరు తిరగరాస్తారో ముందే అనుకోండి.

కృష్ణలంక_కోడర్:
పల్చటి స్క్రిప్టు, లోపల శామ్. మేనేజర్‌కి ఇలాగే చెప్తాను. ఇంకో డౌట్: ఇప్పటి స్టాక్‌లోనే డైనమోడీబీ (ఏడబ్ల్యూఎస్ డేటాబేస్) టేబుళ్లున్నాయి, లోపల డేటా ఉంది. పాత స్టాక్ తీసేసి శామ్‌తో కొత్తది కడితే?

పాతబస్తీ_పైప్‌లైన్:
అలా తీసేస్తే టేబుళ్లూ పోతాయి, ఆగండి! సర్వర్‌లెస్ ఫ్రేమ్‌వర్క్ కింద ఉన్నదీ క్లౌడ్‌ఫార్మేషనే. ముందు టేబుళ్లకి డిలీషన్ పాలసీ "రిటైన్" (తీసేసినా ఉంచు) పెట్టి పాత టూల్‌తోనే ఒకసారి డిప్లాయ్ చేయండి. ఆ తర్వాత వాటిని పాత టెంప్లేట్‌లోంచి తీసి మళ్లీ డిప్లాయ్ చేయండి, స్టాక్ వదిలేసినా టేబుల్ అలాగే ఉంటుంది. చివర్లో కొత్త స్టాక్‌లోకి రిసోర్స్ ఇంపోర్ట్‌తో తెచ్చుకోండి. ఇదంతా ముందు టెస్ట్ అకౌంట్‌లో చేసి చూడండి, ప్రొడ్‌లో మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసుకోండి.